నువ్వుగింజంత రాగి

నకరికల్లు,
ఫిబ్రవరి 11.

ఇరమ్ అనే అమ్మాయికి,

నేను శ్రీహరి అమ్మను, వీరరాఘవమ్మను. మీ ఆఫీసు నుంచి మస్తాన్‌రావు అనే ఆయన వచ్చి, మావాడి బల్ల మీది సామానంతా ఒక అట్టపెట్టెలో ఇచ్చిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. ఆయన తప్పేమీ లేదులే. చావు ఇంట్లో ఎవరికైనా అట్టాగే ఉంటది.

పెట్టెలో కాఫీ కప్పు, స్వెటరు, దువ్వెన, కళ్లజోడు డబ్బా ఉన్నయ్. వాటన్నిటినీ గుర్తుపట్టా. ఇంకొకటి మాత్రం ఏందో తెలవడంలా. మీగడ రంగు పలక, అరచేతిలో పట్టిద్ది. దాని మీద రాగి గళ్లు, గళ్ల మధ్య రాగి గీతలు. ఒక గీత పక్కన నువ్వుగింజంత రాగి ముక్క విడిగా అతికించి ఉంది. దాని పక్కనే కత్తితో గీకిన మరక. చూస్తే ఎవరో తొందరపడి పాడుచేసినట్టుంది. మావాడు ఏ పనీ అట్టా చెయ్యడు. పోబోతున్న మస్తాన్‌రావును ఆపి అడిగితే అది ఇరమ్ మేడమ్‌కే తెలుసమ్మా, వాళ్లిద్దరే దాని మీద పనిచేసేవాళ్లు అన్నాడు. అందుకని నీకు రాస్తున్నా.

ఫోన్ చెయ్యొచ్చు గదా అనుకుంటావేమో. హైవే మీద లారీ గుద్దిందన్న కబురు ఫోన్లోనే వచ్చింది. ఎత్తింది నేనే. అప్పట్నుంచి దాని మీదకి చెయ్యి పోదు. ఒక దఫా సర్పంచిగా చేశా, అర్జీలు రాసీ రాసీ అలవాటైంది కాబట్టి ఉత్తరం నాకు బరువేం కాదు.

ఆ పలక ఏందో, వాడు దాంతో ఏం చేశాడో, నాకు అర్థమయ్యేటట్టు రాయి.

ఇట్లు,
వీరరాఘవమ్మ


హైదరాబాద్,
ఫిబ్రవరి 20.

గౌరవనీయులైన వీరరాఘవమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను, క్షమించండి.

మాది గురజాల. ఈ కంపెనీలో కొలతల గదిలో పనిచేస్తాను. శ్రీహరి గారు యాంటెన్నాలు డిజైన్ చేసేవారు, నేను వాటిని కొలిచేదాన్ని.

మీ దగ్గరున్నది కాలువలో నీటిమట్టం చూసే రాడార్‌కి యాంటెన్నా. వంతెన కింద బిగిస్తే కిందికి తరంగాలు పంపుతుంది. అవి నీటికి తగిలి తిరిగొస్తాయి. ఆ వచ్చినదాన్ని బట్టి నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో తెలుస్తుంది. రాగి గళ్లు యాంటెన్నా, రాగి గీతలు తరంగాలు వెళ్లే దారి. దారికీ యాంటెన్నాకూ పొంతన కుదరకపోతే, వెళ్లిన తరంగంలో కొంత యాంటెన్నా గుమ్మం దాకా పోయి, బయటికి పోకుండా వెనక్కి తిరుగుతుంది. నీటి నుంచి వచ్చే సన్నటి జవాబు ఆ హోరులో వినపడదు.

మీరు నువ్వుగింజంత అని రాసిన ముక్కను మేము స్టబ్ అంటాము. అసలు దారికి పక్కన పెట్టే చిన్న కొమ్మ. దాని చివర ఏమీ ఉండదు. అందులోకి పోయిన తరంగం కొసదాకా వెళ్లి తిరిగి రావాల్సిందే. సరైన చోట, సరైన పొడవులో పెడితే, దాని వల్ల వెనక్కి తిరిగేదీ యాంటెన్నా దగ్గర వెనక్కి తిరిగేదీ ఎదురెదురై ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అప్పుడు శక్తంతా ముందుకే పోతుంది. ఆ గీకిన మరక పాడుచేసింది కాదండీ. మొదట పెట్టిన స్టబ్‌ను ఆయన కత్తితో తీసేసి, వేరే చోట కొత్తది అతికించారు. ఆ పలక మీద ఆయన చేసిన చివరి పని అది.

మీకు ఇంకేమైనా తెలుసుకోవాలనిపిస్తే తప్పకుండా రాయండి.

భవదీయురాలు,
ఇరమ్


నకరికల్లు,
మార్చి 3.

అమ్మాయ్ ఇరమ్,

నీ ఉత్తరం మూడు నాలుగు సార్లు చదివా. ఎక్కడికీ పోని దారి పక్కన పెడితే అసలు దారి బాగుపడిద్దని రాశావు. కాలువ కింద పుట్టి పెరిగినదాన్ని, నీళ్లు పారని పిల్లకాలువ ఎవరన్నా తవ్వుతారా అనుకున్నా. మళ్లీ చదివితే కాస్త తలకెక్కింది. మా ఆయనకు చదివి వినిపించా. ఊ అన్నాడు. ఈమధ్య ఆయన ఆ మాట తప్ప ఏమీ మాట్లాడటంలా.

వాడికి ఈ పిచ్చి ఎట్టా పట్టిందో నీకు చెప్పాడో లేదో. నేను సర్పంచిగా ఉన్నప్పుడు మేజరు కాలువ చివరి రైతులకు నీళ్లందక మా వంతెన కాడ పెద్ద గొడవైంది. పైవాళ్లు నీళ్లు నిండుగా వదిలామంటారు, కిందవాళ్లు రాలేదంటారు. కాలువ గేట్లు చూసే లస్కరు, గేజీ బద్ద మీద నీటిమట్టం చూసి ఏం రాస్తే అదే లెక్క. ఆ లస్కరు మాట ఏ పక్షమూ నమ్మదు. కర్రలు లేచినయ్, ఒకాయనకు తల పగిలింది. నా చీరె మీద పడ్డ ఆ రక్తం మావాడు చూశాడు, అప్పుడు బళ్లో చదువుతున్నాడు. మనిషి చూడకుండా నీళ్లను కొలిచేది ఉండదామ్మా అని అడిగాడు. నాకు తెలవదురా అన్నా.

శ్రీహరి గారు, శ్రీహరి గారు అని రాస్తున్నావు. ఒక చోట పనిచేసినవాళ్లు అట్టాగే అనుకుంటారా? అక్కడ వాడు వేళకు తినేవాడా? నాకు ఫోన్లో తిన్నా అనే చెప్పేవాడు, నేను నమ్మేదాన్ని కాదు.

వీరరాఘవమ్మ


హైదరాబాద్,
మార్చి 18.

వీరరాఘవమ్మ గారికి,

నమస్కారాలు. మధ్యాహ్నం తినేవారండీ. పొద్దున మాత్రం టీతోనే సరిపెట్టేవారు. ఎవరైనా బాక్సు తెస్తే తీసుకునేవారు.

ఈసారి రాయడానికి చేతులు రావడం లేదు. అయినా రాయాలి.

మీ ఊరి వంతెన మీద మా యంత్రం గత నెలలో బిగించారు. అది సరిగా పనిచేయడం లేదు. కాలువలో నీళ్లు దిగిపోయినా నిండుగా ఉన్నట్టు చూపిస్తోంది, మళ్లీ గంటకి ఇంకోలా చెబుతోంది. లోపలి తరంగం వెనక్కి తిరిగి, జవాబు వినే రిసీవర్‌ను ముంచేస్తోంది. ఫ్యాక్టరీ వాళ్లు కంప్యూటర్లో ఉన్న పాత డ్రాయింగు ప్రకారమే పలకలు చేశారు. శ్రీహరి గారు స్టబ్ జరిపిన సంగతి ఆ డ్రాయింగులో ఎక్కలేదు. ఊరి నుంచి రాగానే ఎక్కిస్తానన్నారు.

నేను కొత్త పలకల మీద ప్రయత్నించి చూశాను. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా మారిపోయే పని. చాలా పలకలు పాడుచేశాను. మళ్లీ కాలువకు నీళ్లు వదిలేలోపు సరిచేయకపోతే యంత్రాన్ని తీసేయమని ఇరిగేషన్ ఇంజినీర్లు చెప్పారు. ఆ తర్వాత కంపెనీ కూడా దీన్ని ఆపేస్తుంది.

మీ దగ్గరున్న పలక ఒక్కటే ఆయన చేత్తో కుదిర్చినది. దాన్ని కొంతకాలం మాకు ఇవ్వగలరా అని అడగమన్నారు. అడుగుతున్నాను.

ఇరమ్


నకరికల్లు,
మార్చి 27.

ఇరమ్‌కి,

ఇవ్వను.

వాడు కోసి, వాడు అతికించి, వాడు ముట్టుకున్నదని నువ్వే రాశావు. రాసి నెల తిరక్కముందే పంపమంటున్నావు. మీ కంపెనీ వాళ్లకు అంత అవసరమైనదైతే పెట్టెలో ఎందుకు పెట్టారు? కావాల్సినప్పుడు తీసుకుని, వద్దన్నప్పుడు పంపించడానికి అదేమన్నా అరువు గిన్నా?

మా వంతెన గొడవలు నాకు కొత్తేం కాదు. ఇంకో పదేళ్లు కొట్టుకుంటారు. కొట్టుకోనీ.

వీరరాఘవమ్మ


హైదరాబాద్,
ఏప్రిల్ 6.

వీరరాఘవమ్మ గారికి,

మీరు ఇవ్వనన్నారని మా వాళ్లకు చెప్పేశాను. ఇక అడగరు. మీ మనసు కష్టపెట్టినందుకు క్షమించండి.

మీరు అడిగినదానికి ఒక్కటే జవాబు చెప్పాలి. ఆ పెట్టె సర్దింది కంపెనీ కాదు. నేనే. ఆ పలకను పెట్టవద్దని మస్తాన్‌రావు గారు అన్నారు, ఇది ఆఫీసుది కదమ్మా అని. నేనే స్వెటరు మడతలో పెట్టాను. శ్రీహరి ఏడాదిపాటు దాని మీదే ఉన్నాడు. వాళ్ల అమ్మకి దువ్వెనా కప్పూ పంపి ఇది పంపకపోతే ఏం పంపినట్టు అనిపించింది. డ్రాయింగులో ఎక్కలేదన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఏమీ గుర్తు లేని రోజులవి.

ఆ ముక్క అతికించిన రోజు సంగతి చెబుతాను. మైక్రోస్కోపు కింద పలక పెట్టి, సన్నటి కత్తితో స్టబ్ కొస కోసేవాడు. కోసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. నేను మిషన్ తెర మీద, వెనక్కి తిరిగేది ఎంతో చూపే గీత చూస్తూ ఇంకొంచెం, ఇంకొంచెం అనేదాన్ని. ఎంత కోసినా వెనక్కి తిరిగేది తగ్గడం లేదు. చివరికి మొత్తం గీకేసి, చోటు మార్చి కొత్త ముక్క పెట్టాడు. తెర మీద గీత ఒక్కసారిగా లోతుకు దిగిపోయింది. అమ్మ వంతెన మీద పెడదాం, ఇక ఎవరూ ఎవరి మాటా నమ్మక్కర్లేదు అన్నాడు. దాన్ని అమ్మ వంతెన అనే అనేవాడు.

ఆ పలక మీ దగ్గరే ఉండనివ్వండి.

ఇరమ్


నకరికల్లు,
ఏప్రిల్ 20.

ఇరమ్ తల్లీ,

వాడు అమ్మ వంతెన అనేవాడని నాకు తెలవదు. ఆ మాట చదివిన కాడ్నుంచి వంతెన మీదుగా పోవాల్సి వస్తే ఆగి నిలబడుతున్నా. ఎండకు కాలువ అడుగు కనపడుతోంది. మీ తెల్ల డబ్బా కింద వేలాడుతోంది, పోయేవాళ్లు వచ్చేవాళ్లు దాన్ని చూసి నవ్వుతున్నారు. శ్రీహరి డబ్బా అబద్ధాలు చెప్పిద్దంట. చచ్చిపోయినవాణ్ణి నా ఎదట అట్టా అంటుంటే వింటా ఊరుకోవడం నావల్ల కాదు.

పలక ఇస్తా. మస్తాన్‌రావుకు ఇవ్వను. నువ్వే వచ్చి తీసుకుపో. దాని మీద మళ్లీ కత్తి పెట్టకూడదు. అంతే నా షరతు.

మాంసం తింటావో, మా ఇంట్లో కోసింది తింటావో లేదో నాకు తెలవదు. గోంగూర పప్పు, వంకాయ చేస్తా. ఎప్పుడొస్తావో రాయి.

వీరరాఘవమ్మ


హైదరాబాద్,
జూన్ 9.

అమ్మగారికి,

ముందు పలక సంగతి. దాని మీద కత్తి పెట్టలేదు. మైక్రోస్కోపు కింద కొలిచాము, మిషన్‌కి తగిలించి చూశాము. అప్పుడు నా పొరపాటు అర్థమైంది. వాన పడకుండా యాంటెన్నా ముందు బిగించే ప్లాస్టిక్ మూత కూడా కొంత తరంగాన్ని వెనక్కి కొడుతుంది. శ్రీహరి ఆ మూతను కూడా లెక్కలోకి తీసుకుని స్టబ్ చోటు మార్చాడు. ఆ రోజు మూత బిగించే కొలిచామన్నది మరిచిపోయి, నేను మూత తీసి కుదురుస్తూ కూర్చున్నాను, అందుకే ఎన్ని పలకలు కోసినా లాభం లేకపోయింది. ఇప్పుడు కొత్తవి ఆయన పలకకు సరిపోయేలా వచ్చాయి. వారంలో వంతెన మీది డబ్బా మారుస్తారు. మీ పలకను మస్తాన్‌రావు గారితో జాగ్రత్తగా పంపుతున్నాను.

మే నెలలో మీ ఇంటికి వచ్చినప్పుడు నేను తినకుండా వచ్చేశాను. బస్సుకు వేళైందని అన్నాను. అబద్ధం. విస్తరి వేసి మీరు నా ఎదురుగా కూర్చుంటే లేచిపోయాను. మీరు ఏమీ అడగలేదు. మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా అని మాత్రం అడిగారు. చూస్తున్నారని చెప్పాను. అది నిజమే. మా నాన్న ఇప్పుడు మాచర్లలో ఒకరిని చూశాడు. కానీ అంతకుముందు ఏం జరిగిందో చెప్పలేదు.

శ్రీహరీ నేనూ పెళ్లి చేసుకోవాలనుకున్నాము. మా నాన్న జానీకి గురజాలలో సైకిల్ షాపు ఉంది. ఆయనకు నేను చెప్పాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే, వాళ్ల అమ్మ ఒప్పుకుంటే వచ్చి మాట్లాడమను అన్నాడు. అప్పుడు శ్రీహరితో అన్నాను, మా ఇంట్లో నేను చెప్పేశాను, మీ ఇంట్లో నువ్వు చెప్పు అని. సంక్రాంతి పండక్కి చెబుతానన్నాడు. పండగ దాకా ఎందుకు, ఈ ఆదివారమే వెళ్లు అన్నాను. నా మాట మీద వచ్చాడు. వంతెన చూసుకుని, బస్సెక్కి ఫోన్ చేస్తానన్నాడు.

మీకు చెప్పాడో లేదో తెలియదు. చెప్పలేక తిరిగి వస్తున్నాడో, చెబితే మీరు కోప్పడ్డారో, ఆ బాధలో రోడ్డు చూసుకోలేదో. రోజూ ఇదే. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు, మీకు తెలిసే రాశారేమోనని భయపడ్డాను. చదివాక తెలియదనుకున్నాను. తెలియనప్పుడు నేను చెప్పి మీ బాధకు ఇంకోటి కలపడం ఎందుకని గారు, గారు అంటూ రాశాను. ఇక అలా రాయలేను. మీరు ఏమన్నా పడతాను.

ఇరమ్


నకరికల్లు,
జులై 30.

ఇరమ్ తల్లీ,

జవాబు ఆలస్యమైంది. కాలువకు నీళ్లు వచ్చిందాకా ఆగా. మొన్న వదిలారు. పొద్దున్నే వంతెన కాడ జనం మూగారు. డబ్బా చెప్పేది ఫోన్లో చూస్తా, లస్కరు చేత గేజీ చదివించారు. రెండూ ఒకటే. మళ్లీ చదివించారు. మళ్లీ ఒకటే. కిందూరి వాళ్లు తిరిగిపోతా పోతా నాకు దణ్ణం పెట్టారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకున్నా.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి చెబుతా.

వాడు చెప్పాడు తల్లీ. నేను కల్లంలో మిరపకాయల్లో తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నా. వచ్చి పక్కన కూర్చుని తనూ ఏరటం మొదలుపెట్టాడు. చూస్తే మంచి కాయలు తాలులో పోస్తున్నాడు. ఏందిరా అది అన్నా. అమ్మా, ఒక అమ్మాయి ఉంది అన్నాడు. ఎవరు అంటే, ఇరమ్, గురజాల అన్నాడు. పేరు వినగానే నా చెయ్యి ఆగింది. ఆగలేదని అబద్ధం చెప్పను. మా ఆయన, ఆయన అన్నదమ్ములు, రేపు ఊళ్లో నా ఎదట నిలబడి మాట్లాడేవాళ్లు, అందరూ ఒక్కసారి కళ్లముందు తిరిగారు. వాడు నా మొహం చూస్తా కూర్చున్నాడు.

ఆ పిల్ల వాళ్లింట్లో చెప్పిందా అని అడిగా. చెప్పిందన్నాడు.

"ఆడపిల్ల వాళ్ల నాన్న ఎదట నిలబడి చెప్పగలిగింది. నువ్వు ఇన్నాళ్లు ఏం చేస్తున్నావురా?" అన్నా.

వాడికి కాసేపు అర్థం కాలా. అర్థమయ్యాక నా ఒళ్లో తల పెట్టాడు, కారం చేతులని కూడా చూసుకోలా. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాలే అన్నా. అన్నం పెడితే మారు వడ్డించుకుని తిన్నాడు. నవ్వుకుంటానే పోయాడు. బస్సు కోసం రోడ్డు పక్కన నడుస్తున్నవాణ్ణి లారీ వాడు ఎదురు దారిలో వచ్చి గుద్దాడని పోలీసులే రాశారు. మావాడు రోడ్డు చూసుకోకుండా లేడు. బాధలోనూ లేడు. ఇది నువ్వు నమ్మాలి. వాడి అమ్మను నేను చెబుతున్నా.

మరి నీ పేరు తెలవనట్టు ఎందుకు రాశానంటావా. నిన్ను చూడాలని ఉండేది. కానీ నాకు తెలుసని చెబితే, వయసులో ఉన్న పిల్లవి, నాకోసం నువ్వు ఆగిపోతావేమోనని భయమేసింది. మర్చిపోగలిగితే మర్చిపోనీ అనుకున్నా. అనుకుంటానే పోస్టు వచ్చే వేళకు వాకిట్లోకి పోయేదాన్ని. భోజనం కాడ విస్తరి ముందు నుంచి నువ్వు లేచిపోతుంటే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలా. రోజూ ఇదే అని నువ్వు రాసింది చదివాక ఇక దాచకూడదనిపించింది.

మా ఆయనకు నిన్న చెప్పా. లేచి బయటికి పోయాడు. చీకటిపడేలోపు వచ్చి, అన్నం తినకుండా పోయిన పిల్లేనా అని అడిగాడు. అవునన్నా. ఇన్ని నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది.

మాచర్ల సంబంధం వద్దనకు. మీ నాన్నను ఇంకోసారి బాధపెట్టకు. నాకోసం ఆగొద్దు. ఇది సర్పంచి మాట అనుకో.

ఒక్కటి మిగిలిపోయింది. వాడు గేటు దాటేటప్పుడు, ఆ పిల్ల నన్ను ఏమని పిలిచిద్దిరా, వాళ్లలో ఏమంటారో నాకు తెలవదే అన్నా. అడిగి చెబుతా అన్నాడు. వాడు నాతో అన్న చివరి మాట అదే. అడిగే వేళ వాడికి దొరకలేదు. నేనే అడుగుతున్నా. ఏమని పిలిచేదానివి?

వీరరాఘవమ్మ


హైదరాబాద్,
ఆగస్టు 8.

అత్తమ్మా,

మా ఇళ్లలో అత్తగారిని అమ్మీ అంటారు, కొందరు ఖాలా అంటారు. నేను తెలుగు బళ్లో చదివి, తెలుగువాళ్ల మధ్య పెరిగినదాన్ని. ఆయన అడిగి ఉంటే అత్తమ్మా అనే చెప్పేదాన్ని.

మాచర్ల వాళ్లకు ఇప్పుడే కాదని చెప్పించాను. మీకోసం కాదు అత్తమ్మా, నాకు ఇంకా చేతకాదు. నాన్నే వాళ్లకు ఫోన్ చేశాడు. ఎప్పుడో ఒకరోజు ఎవరికో సరే అంటానేమో. ఆ రోజున ఈ పిలుపు ఇంకొకరిది అవుతుంది, మీకు వాడకూడదు. అందుకని ఈ ఒక్క ఉత్తరంలో రాయగలిగినన్ని సార్లు రాసుకుంటున్నాను.

అత్తమ్మా, మిరప నారు వేసే పనిలో ఎండన పడి తిరగకండి. అత్తమ్మా, బీపీ మాత్ర మధ్యలో మానేయకండి. మామయ్యగారు ఏదైనా మాట్లాడితే, మీరు మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినండి అత్తమ్మా. మీకు కోపం ఎక్కువని శ్రీహరి చెప్పేవాడు. అత్తమ్మా, మీరు సరేనన్నారని తెలిసి వెళ్లాడు. నాకది చాలు.

రాస్తుంటే నోటికి అలవాటైపోతోంది. ఇక్కడితో ఆపుతాను. వచ్చే ఉత్తరం నుంచి అమ్మా అని రాస్తాను.

మీ
ఇరమ్